నువ్వుగింజంత పన్ను... సముద్రమంత ప్రశ్న!

ఆదివారం వస్తే చాలు, హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు కార్లు బారులు తీరతాయి. అనంత పద్మనాభస్వామి దర్శనం, మూసీ నది పుట్టిన చోటు, చెట్ల నీడన టిఫిన్ డబ్బాలు విప్పడం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. వికారాబాద్ అంటే మనలో చాలామందికి తెలిసింది ఇంతే. అదే వికారాబాద్ నుంచి పరిగి వెళ్ళే దారిలో నస్కల్ అనే ఊరుంది. వానాకాలంలో వాగు పొంగి రాకపోకలు ఆగినప్పుడు పేపర్లో ఓ మూల కనిపించే పేరు. చుట్టూ పొలాలు, నల్లరాయి, అక్కడక్కడా ఎర్రమట్టి చెలకలు. చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు.

కానీ, లండన్‌లోనో పారిస్‌లోనో బ్యూనస్ ఎయిర్స్‌లోనో డైనోసార్ల కాలంనాటి జంతువుల మీద పరిశోధన చేసేవాళ్ళ ముందు ‘నస్కల్’ అని చూడండి. వెంటనే గుర్తుపడతారు. కారణం, ఓ పన్ను. రెండు మిల్లీమీటర్లు కూడా లేని పన్ను. అది దొరికాక తేలిన ప్రశ్న మాత్రం సముద్రమంత: చుట్టూ నీళ్ళున్న దీవిలోకి ఆ పన్నుగల జీవి ఎలా వచ్చింది?

లావాకీ లావాకీ మధ్య

ముందు ఆ నల్లరాయి సంగతి. మహారాష్ట్ర నుంచి మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటకల మీదుగా మన తెలంగాణ పడమటి అంచు దాకా దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని ఉన్న బసాల్ట్ రాయి అది. డెక్కన్ ట్రాప్స్ అంటారు. నేల బీటలు వారి లావా ఎగదన్ని, వరదలా పారి గడ్డకట్టగా ఏర్పడింది. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటిగా ఎన్నో వరదలు. పక్కనుంచి చూస్తే మెట్లలా కనిపిస్తాయి కాబట్టే ‘ట్రాప్’ అన్న పేరొచ్చింది. ఆ మాటకు స్వీడన్ భాషలో మెట్లు అనే అర్థం. మన నల్లరేగడి కూడా చాలావరకు ఆ రాయి అరిగి అరిగి అయిన మట్టే.

అయితే ఈ లావా ఆగకుండా పారలేదు. ఒక వరదకీ మరో వరదకీ మధ్య వేల ఏళ్ళ విరామాలుండేవి. ఆ విరామంలో వానలు కురిసేవి, పల్లాల్లో నీళ్ళు నిలిచి చెరువులయ్యేవి. గట్టున చెట్లు మొలిచేవి. చేపలు, కప్పలు, బల్లులు, మొసళ్ళు చేరేవి. చచ్చినవాటి ఎముకలు బురదలో కూరుకుపోయేవి. అంతలో మళ్ళీ లావా వచ్చి ఆ చెరువు మీద మూత పెట్టేసేది. అలా రెండు నల్లరాతి పొరల మధ్య చిక్కుకున్న సన్నటి మట్టిపొరను ‘ఇంటర్‌ట్రాపియన్’ పొర అంటారు. రెండు రొట్టెల మధ్య పెట్టిన కూరలాంటిదన్నమాట. నస్కల్‌లో ఉన్నది అలాంటి పొరే.

దాని వయసెంత? ఆ పొరకు పైనా కిందా ఉన్న లావా వయసు కొలిచి 2022లో ఓ అంతర్జాతీయ పరిశోధక బృందం లెక్క తేల్చింది. సుమారు 6.61 కోట్ల ఏళ్ళు! డైనోసార్లు అంతరించింది 6.6 కోట్ల ఏళ్ళ కిందట. అంటే, ఆ ఉపద్రవానికి కాస్తంత ముందు ఈ నేలమీద ఎవరెవరు తిరిగారో నస్కల్ మట్టి జాగ్రత్తగా రాసిపెట్టుకుంది.

బియ్యం ఏరినట్టు...

డైనోసార్ ఎముకైతే కాలికి తగిలి కనిపిస్తుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు నోరెళ్ళబెట్టి చూసే కోటాసారస్ అస్థిపంజరం మన యామనపల్లి ప్రాంతంలో, ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిందే. కానీ ఆ కాలంలో మన పూర్వీకుల వరసైన పాలిచ్చే జంతువులు చుంచెలుకంత ఉండేవి. వాటి పన్ను నువ్వుగింజకన్నా చిన్నది. కంటికి ఎలా ఆనుతుంది?

దానికో పద్ధతుంది. మట్టిని బస్తాలకెత్తి తెస్తారు. ఎండబెట్టి, నీళ్ళలో నానబెడతారు. మెత్తబడ్డాక సన్నటి జల్లెళ్ళలో పోసి కడుగుతారు. బురదంతా కారిపోయి జల్లెట్లో మిగిలిన ఇసుకలాంటి రవ్వను ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, చాటలో బియ్యం ఏరినట్టు ఒక్కో రేణువునూ ఏరతారు. బస్తాలకు బస్తాలు కడిగితే దొరికేది ఒకటో రెండో పళ్ళు. ఒక్కోసారి అవీ ఉండవు.

పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ సాహ్ని, ఆయన దగ్గర పరిశోధన చేసిన గుంటుపల్లి ప్రసాద్ ఇలాగే నస్కల్ మట్టిని జల్లించారు. 1988లో ‘నేచర్’ పత్రికలో వాళ్ళ వ్యాసం వచ్చింది. డైనోసార్ల చివరి దశ అయిన క్రెటేషియస్ యుగానికి చెందిన క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదటిసారి. దానికి వాళ్ళు పెట్టిన పేరు ‘డెక్కనోలెస్టెస్ హిస్లోపీ’. మొదటి సగం మన దక్కనుది. రెండో సగం 19వ శతాబ్దంలో నాగపూర్ చుట్టుపక్కల శిలాజాలు సేకరించిన స్కాట్లాండ్ మతబోధకుడు స్టీఫెన్ హిస్లోప్‌ది.

ఒక్క పన్నుతో ఏం తెలుస్తుంది అనుకుంటున్నారా? చాలా తెలుస్తుంది. ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి మీది ఎనామిల్. అందుకే ఎముకలు పొడైపోయినా పన్ను మిగులుతుంది. పైగా పాలిచ్చే జంతువుల దవడ పళ్ళ అమరిక ఒక్కో జాతికి ఒక్కో రకం. పైపంటి మొన రోకలిలా వచ్చి, కిందిపంటి గుంట అనే రోట్లో సరిగ్గా దిగుతుంది. ఆ రోలూ రోకలీ ఎంత లోతు, ఎంత వెడల్పు, చుట్టూ ఎన్ని మొనలు అన్నది చూసి, ఆ జీవి ఏ వంశానిదో చెప్పేస్తారు. వేలిముద్రలాంటిదే అనుకోండి.

తర్వాత నస్కల్‌లోనే చీలమండ ఎముకలూ దొరికాయి. వాటి కీళ్ళ తీరును బట్టి ఇది చెట్లెక్కే జీవి అని 1994లో మరో పరిశోధన చెప్పింది. కొమ్మల మీద పరుగులు పెడుతూ పురుగుల్ని పట్టుకు తినే బుల్లి ప్రాణి!

రాకూడని చుట్టం

ఇప్పుడు అసలు చిక్కు. 6.6 కోట్ల ఏళ్ళ కిందట భారతదేశం ఆసియాలో లేదు. హిందూ మహాసముద్రం మధ్యలో ఓ పెద్ద దీవి. ఆఫ్రికా నుంచి ఎప్పుడో విడిపోయింది. మడగాస్కర్‌తో తెగతెంపులు చేసుకుని కూడా అప్పటికి 2 కోట్ల ఏళ్ళు దాటింది. ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా, అంటే ఖండాల లెక్కలో పరుగులాంటి వేగంతో ఉత్తరానికి కదులుతోంది. ఆసియాను ఢీకొనడానికి ఇంకా కోటి ఏళ్ళకు పైనే ఉంది.

అలాంటి ఒంటరి దీవిలో ఎలాంటి జంతువులుండాలి? తాతలనాటి గోండ్వానా ఉమ్మడి కుటుంబంలోంచి వాటాగా వచ్చినవే ఉండాలి. గోండ్వానా అంటే దక్షిణ అమెరికా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, మడగాస్కర్, ఇండియా కలిసున్నప్పటి మహాఖండం. ఆ పేరూ మన గోండుల నేల నుంచి వెళ్ళిందే. నిజంగానే అలాంటి వాటాదారు నస్కల్‌లో ఉంది. అదే మట్టిలో ఇంకో రకం పన్ను దొరికింది. ఎత్తుగా, గరుకు మేత నమలడానికి అనువుగా ఉన్న ఆ పన్ను ‘గోండ్వానాథీర్’ అనే అంతరించిన వంశానిది. ఈ వంశం పళ్ళు అర్జెంటీనాలో దొరికాయి, మడగాస్కర్‌లో దొరికాయి, అంటార్కిటికా పక్కనున్న సీమోర్ దీవిలోనూ దొరికాయి. మధ్యలో ఇప్పుడు మహాసముద్రాలున్నా, ఒకప్పుడు ఇవన్నీ ఒకే నేల అనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 1997లో ‘నేచర్’లోనే ఈ సంగతి వచ్చింది.

కానీ డెక్కనోలెస్టెస్ తీరు వేరు. దాని పళ్ళ పోలికలు దక్షిణాదివి కావు. దాని దగ్గరి బంధువుల శిలాజాలు బెల్జియం, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాల్లోనూ, ఉత్తరాన ఉన్న మొరాకోలోనూ దొరికాయి. అవి కాలంలో దీనికన్నా తర్వాతివి. ఒకే చెరువు బురదలో రెండు పళ్ళు. ఒకటి ఇంటి మనిషిది. మరొకటి దూరపు చుట్టానిది. తలుపులన్నీ మూసి ఉంటే ఈ చుట్టం లోపలికి ఎలా వచ్చినట్టు?

వంతెనలు కట్టిన పెద్దమనుషులు

ఇలాంటి ప్రశ్నకు 19వ శతాబ్దంలో అయితే తేలికైన జవాబుండేది. ‘ఆ రెండు చోట్ల మధ్యా ఓ నేల ఉండేది, మునిగిపోయింది’ అనేసేవారు. లెమూర్లు మడగాస్కర్‌లో ఉన్నాయి, వాటిని పోలిన జంతువులు ఇండియాలోనూ ఉన్నాయి, కాబట్టి ఈ రెంటినీ కలుపుతూ ఓ ఖండం ఉండేదని 1864లో ఇంగ్లండ్ జంతుశాస్త్రవేత్త ఫిలిప్ స్క్లేటర్ ప్రతిపాదించాడు. దానికి ‘లెమూరియా’ అని పేరూ పెట్టాడు. ఆ పేరు శాస్త్రవేత్తల చేతుల్లోంచి జారి దివ్యజ్ఞానుల పుస్తకాల్లోకి వెళ్ళింది. తమిళనాట కుమరిఖండం కథతో కలిసింది. మునిగిపోయిన ఖండం కథలు చదవడానికి ఎవరికి మాత్రం సరదాగా ఉండవు!

1912లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెజెనర్, ‘మునగడం కాదు, ఖండాలే కదులుతున్నాయి’ అన్నాడు. అప్పుడెవరూ పెద్దగా నమ్మలేదు. సముద్రగర్భాన్ని కొలిచాక, 1960ల్లో ఆయన మాటే గెలిచింది. హిందూ మహాసముద్రం అడుగున మునిగిన వంతెన ఖండం లేదని తేలిపోయింది. లెమూరియా కథ శాస్త్రంలో అక్కడితో ముగిసింది.

అలాగని భూసేతువులన్నీ కట్టుకథలు కావు. ఉత్తర, దక్షిణ అమెరికాల మధ్య పనామా దగ్గర నేల ఏర్పడింది సుమారు 30 లక్షల ఏళ్ళ కిందట. వెంటనే రెండువైపుల నుంచీ జంతువులు కదిలాయి. గుర్రాలు, పిల్లి జాతులు, లామాల పూర్వీకులు కిందికి దిగాయి. అర్మడిల్లోలు, నేలమీద తిరిగే భారీ స్లోత్‌లు పైకెక్కాయి. సముద్రమట్టం తగ్గిన మంచుయుగాల్లో రష్యాకీ అలాస్కాకీ మధ్య బేరింగ్ జలసంధి ఎండి నేలైంది. ఏనుగుల బంధువులైన మామత్‌లు దాని మీదుగానే అమెరికా చేరాయి. మరి ఏది నిజం వంతెన, ఏది ఊహ? ఎలా తేల్చడం?

రహదారా, చెక్‌పోస్టా, లాటరీనా?

దీనికో కొలబద్ద ఇచ్చింది అమెరికా పురాజీవ శాస్త్రవేత్త జార్జ్ గేలార్డ్ సింప్సన్. 1940లో ఆయన సరిగ్గా ఈ విషయం మీదే, క్షీరదాలూ భూసేతువుల గురించి, ఓ ప్రసిద్ధ వ్యాసం రాశాడు. జంతువులు ఒక చోటి నుంచి మరో చోటికి చేరే దారులు మూడు రకాలన్నాడు. మన భాషలో చెప్పుకోవాలంటే...

మొదటిది రహదారి. రెండు ప్రాంతాల మధ్య విశాలమైన నేల ఉంటుంది. దాదాపు అన్ని రకాలూ అటూ ఇటూ తిరుగుతాయి. యూరప్‌కీ ఆసియాకీ మధ్య ఉన్నది అదే.

రెండోది చెక్‌పోస్టు. దారి ఉంటుంది గానీ అందర్నీ పోనివ్వదు. బేరింగ్ దారిలో చలిని తట్టుకునేవే దాటగలిగాయి.

మూడోది లాటరీ. అసలు దారే ఉండదు. వరదకు కొట్టుకొచ్చిన చెట్టు మీద ఏదో ఓ ప్రాణి సముద్రం దాటేస్తుంది. కోటికొకటి. కానీ భూమికి కోట్ల ఏళ్ళ టైముంది!

మూడోది నమ్మబుద్ధి కావడం లేదా? గోదావరి వరదలో వేళ్ళతో సహా కొట్టుకొచ్చే మానుల్ని చూసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. ఆ కొమ్మలకు ఏవేవి చుట్టుకుని ఉంటాయో వాళ్ళకు తెలుసు. 1995లో కరీబియన్ సముద్రంలో తుపాన్ల తర్వాత అంగ్విల్లా అనే దీవికి దుంగల మీద కనీసం 15 ఇగువానాలు కొట్టుకొచ్చాయి. అంతకుముందు ఆ జాతి ఆ దీవిలో లేదు. మడగాస్కర్‌కు లెమూర్ల పూర్వీకులు చేరింది కూడా ఇలా ఆఫ్రికా నుంచి తేలుతూ వచ్చే అన్నది నేడు ఎక్కువమంది మాట. స్క్లేటర్ ఖండాన్నే సృష్టించిన చోట ఒక దుంగ సరిపోయింది!

సింప్సన్ కొలబద్దలోని కీలకం ఇదీ: ఒక్క జంతువు కనిపించిందని మ్యాపులో వంతెన గీయకూడదు. నిజంగా వంతెన ఉంటే ఒక్కటే ఎందుకొస్తుంది? పులి వస్తే లేడీ రావాలి. పెద్దవీ చిన్నవీ, తినేవీ తినబడేవీ గుంపులుగా రావాలి. దాటినవాళ్ళ జాబితానే వంతెనకు ఆధారం. జాబితాలో లేనివాళ్ళూ సాక్షులే.

నస్కల్‌ను కొలిస్తే...

ఇప్పుడు ఈ కొలబద్దను మన ఊరికి తెద్దాం. ఆ కాలంనాటి ఇండియా డైనోసార్లు, అంటే రాజాసారస్, ఐసిసారస్ లాంటివి, మడగాస్కర్, దక్షిణ అమెరికా డైనోసార్ల బంధువులు. అప్పట్లో ఆసియా, ఉత్తర అమెరికాల్లో గుంపులుగా తిరిగిన కొమ్ముల డైనోసార్లు, బాతుమూతి డైనోసార్ల జాడ ఇండియాలో లేదు. అంటే, ఏనుగంతవి ఏవీ దాటలేదు. దాటినట్టు కనిపించేది చుంచెలుకంతది. అదీ చెట్లెక్కేది!

రహదారి కాదని దీంతోనే అర్థమైపోతుంది. అందుకే ఎక్కువమంది దృష్టి అప్పటి సముద్రంలో ఉన్న అగ్నిపర్వత దీవుల వరస మీద పడింది. ఇండియాకు ఉత్తరాన అలాంటి వరస ఉండేది. దాని రాళ్ళు ఇప్పుడు ఢీకొన్న దెబ్బకు నలిగి కోహిస్థాన్, లద్దాఖ్ కొండల్లో కలిసిపోయాయి. ఓ దీవి నుంచి మరో దీవికి, వాగులో రాళ్ళ మీద అడుగులేసుకుంటూ దాటినట్టు, తరతరాలుగా చేరి ఉండొచ్చు. ఆఫ్రికా కొమ్ము వైపు నుంచి నేల చాచుకుని ఇండియాకు దగ్గరగా వచ్చిందన్నవాళ్ళూ ఉన్నారు.

దీనికి పూర్తిగా ఎదురు వాదనా ఉంది. డెక్కనోలెస్టెస్ వంశం చుట్టం కాదు, ఇక్కడే ఎదిగి ఇక్కణ్నుంచే బయటికెళ్ళింది అని. యూరప్, ఆఫ్రికాల్లోని బంధువులన్నీ దీని తర్వాతి కాలానివే కదా! 2011లో వచ్చిన ఓ అధ్యయనం ఈ వైపే మొగ్గింది. ఈ వంశంలో అన్నిటికన్నా పాతవి ఇండియావేననీ, చెట్లెక్కే ఈ ప్రాణుల విస్తరణ ఇక్కడే మొదలైందనీ చెప్పింది. ఒకప్పుడు దీన్ని మన కోతుల వంశానికి దగ్గరిదనుకున్నారు. ఆ అధ్యయనం మాత్రం క్షీరదాల వంశవృక్షంలో ఇంకా కింది కొమ్మ మీద కూర్చోబెట్టింది. మన ముత్తాత కాకపోయినా మనకేం చిన్నతనం లేదు. ముత్తాతలతోపాటు బతికిన చుట్టమే.

నిజంగా తలుపు తెరుచుకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే కాలంలో కోటి ఏళ్ళకు పైగా ముందుకొచ్చి, గుజరాత్‌లోని సూరత్ జిల్లా వెళ్ళాలి. అక్కడి వస్తాన్ లిగ్నైట్ గనిలో దాదాపు 5.4 కోట్ల ఏళ్ళనాటి శిలాజాలు దొరికాయి. తొలి కోతిజాతులు, గబ్బిలాలు, ఎలుకజాతులు, డెక్కలున్న జంతువులు... ఒక్కసారిగా జనసమ్మర్దం! ఉత్తర ఖండాల జంతువులతో వాటికి దగ్గరి పోలికలున్నాయి. ఇండియా ఆసియా గుమ్మం దాకా వచ్చేసిందని అవి చెబుతున్నాయి. నస్కల్లో తలుపు సందులోంచి దూరినవాళ్ళ అడుగులు. వస్తాన్లో బార్లా తెరిచిన ద్వారం. రెండు ఊళ్ళ మట్టినీ పక్కపక్కన పెడితే ఓ దీవి ఖండంతో కలిసిన కథ మొత్తం చదవొచ్చు.

మొరం లోడులో పోతే...

నస్కల్ పని ఇంకా అయిపోలేదు. 1994లో డెక్కనోలెస్టెస్‌కు అక్కడే ఇంకో సోదరజాతి దొరికింది. అదే ప్రాంతంలోని రంగాపూర్‌లో దొరికిన పన్నుకు 2003లో ‘సాహ్నిథీరియం రంగాపురెన్సిస్’ అని పేరు పెట్టారు. 2022 బృందం మరో కొత్త జీవికి ‘ఇండోక్లెమెన్సియా నస్కలెన్సిస్’ అని మన ఊరి పేరే పెట్టింది. మధ్యప్రదేశ్‌లోని కిసల్‌పురిలోనూ ఈ కాలం క్షీరదాలు దొరుకుతున్నాయి. ఒక్కో కొత్త పన్నూ పాత వాదాన్ని ఓ పక్కకు వంచుతోంది. చుట్టమా, ఇంటి మనిషా అన్నది తేలేది ఇంకొన్ని జల్లెళ్ళ మట్టి కడిగాకే.

ఆ మట్టి మిగలడమే ముఖ్యం. ఇంటర్‌ట్రాపియన్ పొరలు పెద్ద కొండలేం కావు. చాలాచోట్ల మందం కొద్ది మీటర్లే. క్వారీ గోడలోనో, బావి తవ్వినప్పుడో, వాగు కోసిన గట్టులోనో బయటపడతాయి. చూసేవాళ్ళకు అది ఉత్త మెత్తటి మట్టి. రోడ్డు కింద పరచడానికి మొరం లోడులో వేసుకుపోయినా ఎవరికీ తెలియదు. గుడి కూలితే ఊరంతా గగ్గోలు పెడుతుంది. మట్టిపొర పోతే అడిగేవారుండరు. దేశంలోని భూవారసత్వ స్థలాల్ని కాపాడేందుకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఓ ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. కాగితం మీది రక్షణ ఒక ఎత్తైతే, పొలం ఉన్న రైతుకూ క్వారీ మేస్త్రీకీ, బడికెళ్ళే పిల్లలకూ ఆ పొర విలువ తెలియడం మరో ఎత్తు.

మీ ఊళ్ళో నల్లరాయి మధ్య తెల్లగానో పచ్చగానో మట్టిచారా కనిపించి, అందులో గవ్వలో ఎముక ముక్కలో ఉన్నాయా? తవ్వకండి. పక్కన రూపాయి నాణెం పెట్టి ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని, హైదరాబాద్ బండ్లగూడలోని జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికో, దగ్గర్లోని కాలేజీ జియాలజీ లెక్చరర్‌కో చెప్పండి. ఎముక ఒక్కటే తీసి ఇంట్లో దాచుకుంటే అది ఉత్త రాయి. ఏ పొరలో, ఏ లావా కింద దొరికిందో తెలిస్తేనే అది సాక్ష్యం.

సముద్రాలు దాటిన దారుల్ని చెప్పగలిగేవి చివరికి ఆ పళ్ళే. ఆ దీవుల వరస నలిగిపోయింది. సముద్రమే మూసుకుపోయి హిమాలయమైంది. దాటిన ప్రాణి అంతరించింది. మిగిలింది పరిగి దారిలో ఓ ఊరు, రెండు లావా పొరలు, వాటి మధ్య గుప్పెడు మట్టి.